అంటార్కిటికా మంచు మీద దొరికిన 14 గ్రాముల రాయి: ఎల్ అని రాయాలా, ఎల్ఎల్ అని రాయాలా?

రాతిపలక

వారం రోజులుగా ఒక్క రాయి దగ్గరే ఆగిపోయాను. అంటార్కిటికాలో నీలి మంచు మీద ఏరిన ఉల్కాశిల. 14.2 గ్రాములు, బొటనవేలి పైకణుపంత ఉంటుంది. కాలిన నల్లటి పెంకు ఒక పక్కనే మిగిలింది, మిగతాదంతా ఇటుక రంగు. పగుళ్ల వెంట తెల్లటి పొడి. పైకి చూసి శిథిలతకు వేసే అక్షరాల్లో (ఎ, బి, సి) బాగా పాడైనదని "సి" వేశాం, తెల్లపొడి ఉంది కాబట్టి పక్కన "ఇ" చేర్చాం.

లోపల కాండ్రూల్స్ (చిన్న గుండ్రటి రాతి పూసలు) కనిపిస్తున్నాయి, అవి ఉండే మామూలు కాండ్రైట్ అనే రకమనడంలో అనుమానం లేదు. గొడవంతా గ్రూపు దగ్గరే: హెచ్, ఎల్, ఎల్ఎల్ అనే మూడింట్లో ఏది? ఆ వరుసలో లోహం తగ్గుతుంది. థిన్ సెక్షన్‌లో (వెలుగు దాటేంత పలుచగా అరగదీసిన రాతి పొరలో) లోహం వెతుక్కోవాల్సి వస్తోంది. దాని మీద వరుసగా 500 చుక్కలు పెట్టి లెక్కిస్తే 6 మాత్రమే లోహం మీద పడ్డాయి, అంటే 1.2 శాతం. రాయి అయస్కాంత క్షేత్రానికి ఎంత స్పందిస్తుందో కొలిచే ససెప్టిబిలిటీ మీటర్ మీద లాగరిథమ్ విలువ 4.42. ఈ రెండూ చూసి మా ల్యాబ్‌లో పెద్దాయన "ఎల్ఎల్, రాసెయ్యి" అన్నారు. కానీ ఎలక్ట్రాన్ పుంజంతో మూలకాలు కొలిచే మైక్రోప్రోబ్ కింద ఒలివిన్ అనే ఖనిజంలో ఫాయలైట్ 25.1 వచ్చింది (22 రేణువులు, అటూ ఇటూ 0.4), పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజంలో ఫెర్రోసిలైట్ (అందులోని ఇనుము వాటా) 21.0. ఇవి ఎల్ అంకెలు కదా? కంటికి ఒకటి, ప్రోబ్‌కి ఒకటి. దేన్ని నమ్మాలి?

తుప్పువేట

ఒలివిన్‌ని నమ్మండి. మీ రాయిలో లోహం మొదట్నుంచీ తక్కువ కాదు, తుప్పైపోయి తక్కువైంది. ఇటుక రంగు అని మీరే రాశారు, ఆ రంగు ఎక్కణ్నుంచి వచ్చింది మరి? లోహం పోతే ససెప్టిబిలిటీ కూడా దాంతోపాటే పడిపోతుంది. కొత్తగా రాలిన ఎల్ రాళ్లలో అది 4.9 దగ్గర, ఎల్ఎల్‌లో 4.1 దగ్గర ఉంటుంది. మీ 4.42 రెండింటికీ మధ్యలో వేలాడుతోందంటే తుప్పు కిందికి లాగిందని అర్థం. మీ పెద్దాయన చూపించిన రెండు సాక్ష్యాలూ నిజానికి ఒకే సాక్ష్యం. రెండూ లోహాన్నే కొలుస్తున్నాయి.

చుక్కలరాత్రి

నేను టెలిస్కోప్ మనిషిని, రాళ్లు కొత్త. ఫాయలైట్ 25 అంటే ఏమిటి? అది ఎక్కువైతే ఎల్ఎల్ ఎందుకవుతుంది?

కాండ్రూల్‌కన్ను

ఒలివిన్‌లో మెగ్నీషియం, ఇనుము ఒకే చోటు కోసం పోటీ పడతాయి. వందలో ఎన్ని చోట్లు ఇనుముకు దక్కాయో చెప్పేదే ఫాయలైట్ అంకె. హెచ్ గ్రూపులో సుమారు 17 నుంచి 20, ఎల్‌లో 23 నుంచి 26 లోపు, ఎల్ఎల్‌లో 26.6 నుంచి 32 దాకా. ఇనుము లోహంగా ఎక్కువ మిగిలిన రాయిలో ఒలివిన్‌లోకి చేరిన ఇనుము తక్కువ. హెచ్ నుంచి ఎల్ఎల్ దాకా వస్తుంటే లోహం తగ్గుతుంది, ఒలివిన్‌లో ఇనుము పెరుగుతుంది. అందుకే లోహం చూసినా, ఒలివిన్ చూసినా మామూలుగా ఒకే జవాబు రావాలి. రాతిపలక గారి రాయిలో రాలేదు, అదే సమస్య.

చుక్కలరాత్రి

ఇప్పుడు అర్థమైంది. అంటే లోహం ఖర్చైపోయినా ఒలివిన్ దగ్గర పాత పద్దు అలాగే ఉంటుందన్నమాట.

ప్రోబ్‌రాత్రిపాళీ

తుప్పువేట గారు చెప్పింది సబబే గానీ, ఒలివిన్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. మూడు ప్రశ్నలు. ఆ 22 రేణువులూ సెక్షన్‌లో ఒకే మూల నుంచి తీశారా? ప్రతి చుక్కకీ ఆక్సైడ్ల మొత్తం ఎంత వచ్చింది? 4 ఆక్సిజన్లకు లోహ అయాన్ల మొత్తం 3కి దగ్గరగా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, బాగా తుప్పు పట్టిన రాయిలో ఒలివిన్ పగుళ్లలోకి సన్నటి తుప్పు దారాలు పాకుతాయి. ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోట ఒకటి రెండు మైక్రాన్ల మేర వరకు సంకేతం వస్తుంది. ఆ మేరలో తుప్పు దారం ఒక్కటున్నా ఇనుము ఎక్కువ చూపిస్తుంది. తుప్పులో నీరుంటుంది, నీటిని ప్రోబ్ చూడలేదు, కాబట్టి మొత్తం 100కి తగ్గుతుంది. ఆ తగ్గుదలే మనకు ఆనవాలు. 98.5 కంటే తక్కువ వచ్చిన చుక్కలన్నీ నేను మొహమాటం లేకుండా కొట్టేస్తాను.

రాతిపలక

ఇప్పుడే ఫైలు తెరిచి చూశాను. 3 చుక్కల్లో మొత్తం 97 దగ్గర ఉంది, అయాన్లు కూడా కుదరలేదు. చిత్రం ఏమిటంటే ఎక్కువ ఫాయలైట్ చూపించినవి ఆ మూడే. అవి తీసేస్తే 19 రేణువులకు సగటు 24.9. మూలల సంగతి నిజమే, సగానికి పైగా పై ఎడమ మూలలోవే. రేపు మిగతా చోట్ల కూడా చేస్తాను.

తుప్పువేట

చూశారా, తుప్పు అక్కడ కూడా ఎల్ఎల్ వైపే తోస్తోంది! లోహాన్ని తగ్గించి ఒకసారి, ఒలివిన్ అంకెను పెంచి ఇంకోసారి.

లెక్కలమాస్టారు

లోహం లెక్క గురించి ఎవరూ ఒక మాట అనలేదు. 500 చుక్కల్లో 6 అంటే, 6 వర్గమూలం 2.4. అంటే మీ 1.2 శాతం నిజానికి 0.7 కావచ్చు, 1.7 కావచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. ఈ అంకెతో గ్రూపు నిర్ణయించడం కుదరదు. కనీసం 2000 చుక్కలు పెట్టండి. పెట్టేటప్పుడు లోహం ఒక్కటే కాదు, తుప్పును విడిగా, ట్రాయిలైట్‌ని (ఇనుము సల్ఫైడ్‌ని) విడిగా రాయండి.

కాండ్రూల్‌కన్ను

మాస్టారు గారి మాటకి ఒక చేర్పు. ఈ లెక్క పై నుంచి పడే వెలుగులో చెయ్యాలి. లోహం తెల్లగా మెరుస్తుంది. ట్రాయిలైట్ కొంచెం పసుపు కలిసిన కంచు రంగు. తుప్పు, క్రోమైట్ (క్రోమియం, ఇనుము ఉన్న ఆక్సైడ్) రెండూ మసక బూడిద రంగే, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పోలరైజర్లు అడ్డంగా పెట్టి చూడండి, తుప్పు లోపల్నుంచి ఎర్రగోధుమ రంగులో వెలుగుతుంది, క్రోమైట్ నల్లగా ఉండిపోతుంది.

గులకరాయి

ఇంత కష్టం ఎందుకండీ, గట్టి నియోడైమియం అయస్కాంతం దగ్గర పెట్టి ఎంత లాగుతుందో చూస్తే సరిపోదా? దారానికి కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది.

నీలిమంచు

దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు. కోట్ల సంవత్సరాల కిందట రాయిలో ముద్రపడిన అయస్కాంత గుర్తు ఆ ఒక్క తాకిడితో చెరిగిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. ససెప్టిబిలిటీ మీటర్ వాడేది చాలా బలహీనమైన క్షేత్రం, దాంతో నష్టం లేదు. చేతి అయస్కాంతం అలా కాదు.

నేను మంచు మీద రెండు సీజన్లు రాళ్లు ఏరాను. అక్కడ రాయి కనిపిస్తే పరుగెత్తుకెళ్లి చేత్తో తియ్యం. ముందు జెండా పాతుతాం, స్థానం రాస్తాం, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీస్తాం. పటకారుతో ఎత్తి శుభ్రమైన సంచిలో వేసి మూతి మడిచి టేపు వేస్తాం. ముక్కు నుంచి కారే చుక్క కూడా రాయి మీద పడకూడదని గాలి వచ్చే వైపు నిలబడి దాని మీదికి వంగం. ఆ తర్వాత అది కరగకుండా గడ్డకట్టిన స్థితిలోనే ల్యాబ్‌కి చేరాలి, అక్కడ పొడి నైట్రోజన్‌లో మెల్లగా మామూలు వేడికి రావాలి. ఇంత చేసి తెచ్చినదానికి చివర్లో అయస్కాంతం తగిలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గులకరాయి

తెలియక అన్నాను నీలిమంచు గారూ. నా దగ్గరున్న రెండు రాళ్లకీ ఇప్పటికే అయస్కాంతం పెట్టాను, ఇక పెట్టను.

చుక్కలరాత్రి

ఇంకో సందేహం. అక్కడ ఏడాదంతా సున్నా కంటే కింద కదా, నీరే లేని చోట తుప్పెలా పట్టింది?

నీలిమంచు

మంచి ప్రశ్న. గాలి చల్లగానే ఉంటుంది, రాయి మాత్రం నల్లనిది. వేసవిలో ఇరవై నాలుగు గంటలూ ఎండ. గాలి ఆగిన రోజున రాయి ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న మంచు కంటే వేడెక్కుతుంది. కింద తగిలిన మంచు రవ్వంత కరిగి పలుచని నీటి పొరగా పగుళ్లలోకి ఎక్కుతుంది. రాత్రి లేదు కాబట్టి మబ్బు పట్టినప్పుడో, గాలి లేచినప్పుడో మళ్లీ గడ్డకడుతుంది. ఇలా ఎన్ని వేలసార్లు జరిగి ఉంటుందో! కొన్ని చిన్న రాళ్లు తమ వేడికి తామే మంచులో గుంట చేసుకుని అందులో కూర్చుని ఉండటం నేను కళ్లారా చూశాను.

మంచు లోతులో ఉన్నంతకాలం రాయి భద్రమే. మంచు కదులుతూ వచ్చి కొండ అడ్డు తగిలి ఆగిపోయిన చోట, గాలి పైపొరను కోసేస్తూ ఉంటే, లోపలున్న రాళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. శిథిలం కావడం అప్పుడు వేగం అందుకుంటుంది. రాతిపలక గారూ, మీ రాయి బోడి మంచు మీద దొరికిందా, మొరైన్ (మంచు మోసుకొచ్చిన నేల రాళ్ల గుట్ట) అంచునా?

రాతిపలక

మొరైన్ అంచునే. ఏరినవాళ్ల నోట్‌లో "మంచులో సగం మునిగి, చుట్టూ నేల రాళ్లు" అని ఉంది.

నీలిమంచు

అయితే "సి" రావడంలో వింత లేదు.

తుప్పువేట

అంటార్కిటికా తుప్పులో క్లోరిన్ కూడా ఉంటుంది. అకగనైట్ అనే ఖనిజం. క్లోరిన్ ఉన్నంతకాలం లోహాన్ని తింటూనే ఉంటుంది. కాబట్టి సెక్షన్ చేసిన తర్వాత మిగిలిన ముక్కని తేమ తగిలే అల్మరాలో పెట్టకండి.

తెల్లపొడి గురించి కూడా చెప్తాను, నాకు ఇష్టమైన సంగతి. లూయిస్ క్లిఫ్ దగ్గర దొరికిన 85320 నంబరు హెచ్5 రాయి మీద (గ్రూపు పక్కన అంకె, లోపలి వేడికి రాయి ఎంత మారిందో చెప్పే టైపు) ఇలాంటి పొడే ఉంది, నెస్క్వెహొనైట్ అనే మెగ్నీషియం కార్బొనేట్. అందులోని కార్బన్-14 కొలిస్తే 1950 తర్వాత ఏర్పడిందని తేలింది. అంటే రాయి పుట్టి 456 కోట్ల ఏళ్లు, పొడి వయసు మనిషి జీవితమంత కూడా లేదు. ఆ మెగ్నీషియం రాయి లోపలి సిలికేట్ల నుంచే రావాలి. మీ "సి/ఇ" రాయిలో ఒలివిన్ అంచులు కొంచెం తినేసి ఉన్నాయేమో ఒకసారి చూడండి.

అరుదులవేట

చదువుతున్నా. కానీ ఒక మాట సూటిగా అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అంటార్కిటికా నుంచి ఇలాంటివి వేలకొద్దీ ఉన్నాయి. 14 గ్రాముల తుప్పు రాయి ఎల్5 అయితేనేం, ఎల్ఎల్5 అయితేనేం? చంద్రుడి రాయో, కుజుడి రాయో అయితే ప్రోబ్ మీద ఇంత సమయం పెట్టొచ్చు. వీటికి ఒలివిన్ పొడిని నూనెలో వేసి వక్రీభవన గుణకం చూస్తే పది నిమిషాల్లో పని అయిపోయేది. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు అలా ఎన్నో రాళ్లు తేల్చారు.

ప్రోబ్‌రాత్రిపాళీ

నూనె పద్ధతిని నేను తక్కువ చెయ్యను, ఆ వేలల్ని తేల్చింది అదే. కానీ హద్దు పక్కనే ఉన్న రాళ్లకి అది చాలదు. ఇది హద్దు పక్కన ఉన్న రాయి.

కాండ్రూల్‌కన్ను

అరుదులవేట గారితో నేను ఏకీభవించను. 1982 జనవరిలో అంటార్కిటికాలోని అలన్ హిల్స్ దగ్గర దొరికిన 81005 నంబరు రాయి బరువు 31 గ్రాములే. చంద్రుడి నుంచి వచ్చిందని గుర్తించిన మొదటి ఉల్కాశిల అది. చిన్నదని పక్కన పెట్టి ఉంటే? అలాగే 1984 డిసెంబరులో దొరికిన 84001ని మొదట డయోజెనైట్ (గ్రహశకలం నుంచి వచ్చే ఒక రకం రాయి) అని రాశారు. దాదాపు పదేళ్లు ఆ పేరుతోనే ఉంది. అందులోని సల్ఫైడ్, క్రోమైట్ డయోజెనైట్‌కి సరిపడవని డేవిడ్ మిటిల్‌ఫెల్ట్ అనే శాస్త్రవేత్త గమనించాక, 1993లో అది కుజుడి రాయని తేలింది. మామూలు రాయా, అరుదైన రాయా అన్నది శ్రద్ధగా చూసిన తర్వాతే కదా తెలిసేది?

లెక్కలమాస్టారు

ఇంకో కోణం. కళ్ల ముందు రాలిన ఉల్కల్లో ఎల్, హెచ్ చెరి మూడో వంతు దాకా ఉంటాయి, ఎల్ఎల్ పదో వంతు కూడా ఉండదు. ఎల్‌లో ఒక పది శాతం తుప్పు వల్ల ఎల్ఎల్ ఖాతాలోకి జారిపోతే, ఎల్ లెక్కలో పెద్ద తేడా కనిపించదు, ఎల్ఎల్ లెక్క మాత్రం మూడో వంతుకు పైగా ఉబ్బిపోతుంది. ఆ అంకెలు చూసుకుని రేపు ఎవరో లక్షల ఏళ్లలో ఉల్కల రాక మారిందని సిద్ధాంతం కడతారు. ఎల్ఎల్ అంటే తేలిగ్గా తీసుకునే గ్రూపు కూడా కాదు, జపాన్ హయబుసా నౌక ఇటోకావా గ్రహశకలం నుంచి 2010లో తెచ్చిన ధూళి ఎల్ఎల్‌తోనే సరిపోయింది.

అరుదులవేట

81005 బరువు 31 గ్రాములని నాకు తెలియదు. ఆ మాట దగ్గర ఒప్పుకుంటున్నా. కానీ పరికరం గంటలు పరిమితం, ఎవరో ఒకరు వరుస నిర్ణయించాలి అన్నదాని మీద నా అభిప్రాయం మారలేదు.

ప్రోబ్‌రాత్రిపాళీ

అది న్యాయమైన మాటే. అందుకే రాతిపలక గారికి తక్కువ సమయంలో తేలే ఇంకో దారి చెప్తాను. కామసైట్‌లో (నికెల్ తక్కువున్న ఇనుప లోహంలో) కోబాల్ట్ కొలవండి. హెచ్‌లో అర శాతం లోపు, ఎల్‌లో 0.7 నుంచి 0.95, ఎల్ఎల్‌లో 1.4 నుంచి మొదలై చాలా పైకి పోతుంది. ఎల్‌కీ ఎల్ఎల్‌కీ మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటుంది. లోహం ఎంత మిగిలిందన్నది ఇక్కడ అక్కర్లేదు, తుప్పు తగలని నాలుగైదు రేణువులు దొరికితే చాలు. కాండ్రూల్ లోపల ఒలివిన్ మింగేసిన చిన్న రేణువులు చూడండి, నీరు అక్కడిదాకా చేరి ఉండదు.

రెండు జాగ్రత్తలు. నికెల్ 7 శాతం దాటితే అది కామసైట్ కాకపోవచ్చు, నికెల్ ఎక్కువున్న టైనైట్ కలిసిందేమో చూసుకోవాలి. ఇంకోటి, ప్రోబ్ చూసే ఎక్స్-రేలలో ఇనుము కె-బీటా గీత తోక కోబాల్ట్ కె-ఆల్ఫా గీత కిందికి వస్తుంది. కోబాల్ట్ లేని స్వచ్ఛమైన ఇనుము మీద ముందు కొలవండి. అక్కడ కూడా 0.1 దాకా కోబాల్ట్ చూపిస్తే అది దొంగ అంకె, అన్నింట్లోంచీ తీసెయ్యాలి. ఒకప్పుడు నేను ఈ సవరణ మర్చిపోయి రెండు రాత్రుల పని మళ్లీ చేశాను.

రాతిపలక

కోబాల్ట్ సంగతి నాకు తట్టనే లేదు. చాలా థ్యాంక్స్ అండీ. రేపు రాత్రి నాకు స్లాట్ ఉంది.

ఈలోగా ఇంకోటి. సెక్షన్‌లో రెండు నల్లటి సన్నగీతలు అడ్డంగా పోతున్నాయి. తుప్పు సిరలా, షాక్ సిరలా (అంతరిక్షంలో ఢీకొన్న దెబ్బకు కరిగినవా)?

కాండ్రూల్‌కన్ను

కింది నుంచి వెలుగు పెట్టండి. తుప్పు అయితే పలుచని చోట ఎర్రగా వెలుగు దాటుతుంది, రేణువుల అంచులు పట్టుకుని వంకర్లు తిరుగుతుంది. షాక్ సిర పూర్తిగా నల్లగా ఉండి, రేణువుల్ని కోసుకుంటూ పోతుంది. పై వెలుగులో దాని లోపల చిల్లకొట్టినట్టు సన్నటి లోహం, ట్రాయిలైట్ బొట్లు మెరుస్తాయి. పోలరైజర్లు అడ్డంగా పెట్టినప్పుడు ఒలివిన్ వెలుగు ఎలా ఆరుతోందో కూడా చెప్పండి, స్టేజీ తిప్పినప్పుడు ఒక్కసారిగా చీకటవుతోందా, అలలా పాకుతోందా, మచ్చలు మచ్చలుగా ఆరుతోందా?

రాతిపలక

ఒకటి తుప్పే. రెండోదాంట్లో బొట్లు ఉన్నాయి! వరుసగా, గీత పొడవునా. ఒలివిన్ చాలాచోట్ల మచ్చలు మచ్చలుగా ఆరుతోంది, కొన్నింట్లో సమాంతర పగుళ్లు కూడా.

కాండ్రూల్‌కన్ను

అయితే షాక్ దశ ఎస్4. ఎల్ రాళ్లలో గట్టి దెబ్బ తిన్నవి చాలా ఉంటాయి. సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట వాటి తల్లి గ్రహశకలం పగిలింది, ఆ కాలపు ఎల్ శిలలు స్వీడన్ సున్నపురాయి గనిలో శిలాజాల్లా దొరికాయి. ఎస్4 అయినంత మాత్రాన ఎల్ అని రుజువైనట్టు కాదు. ఇది గ్రూపు నిర్ణయించేది కాదు, పక్కన రాసుకునేది.

రాతిపలక

రెండు రాత్రుల తర్వాత వచ్చాను. వివరంగా రాస్తాను.

2000 చుక్కల్లో లోహం 26, తుప్పు 128, ట్రాయిలైట్ 84. అంటే లోహం 1.3 శాతం, తుప్పు 6.4 శాతం. ఇనుము తుప్పైతే రెండు మూడు రెట్లు ఉబ్బుతుంది కాబట్టి, వెనక్కి లెక్కేస్తే మొదట్లో లోహం సుమారు 4 శాతం ఉండాలి. అది ఎల్ అంకె.

ఒలివిన్ సెక్షన్ నాలుగు మూలల్లోనూ చేశాను. మొత్తం 41 రేణువులు, ఫాయలైట్ 24.8. మొత్తం తగ్గిన చుక్కలు కొట్టేశాను.

కామసైట్ కోసం మూడు గంటలు వెతికాను. చివరికి గీతలు గీతలుగా ఒలివిన్ పలకలున్న ఒక కాండ్రూల్‌లో, రెండు పలకల మధ్య వరుసగా ఐదు లోహపు చుక్కలు దొరికాయి. చుట్టూ అంతా తుప్పు నది, లోపల మాత్రం అద్దంలా తెల్లగా. నికెల్ 6.1 నుంచి 6.6. స్వచ్ఛమైన ఇనుము మీద 0.09 దొంగ కోబాల్ట్ వచ్చింది, అది తీసేస్తే 0.78 నుంచి 0.86. ఐదింట్లోనూ. తెల్లవారుజామున ఆ అంకెలు స్క్రీన్ మీద వరుసగా పడుతుంటే లేచి నిలబడిపోయాను.

ప్రోబ్‌రాత్రిపాళీ

0.8! ఇక మాటల్లేవు, ఎల్. ఆ ఐదు చుక్కల కోసం మూడు గంటలు కూర్చున్నారు చూడండి, దానికి నా సలాం.

గులకరాయి

టైపు ఎంత మరి, 5 అంటారా 6 అంటారా?

రాతిపలక

మొదట 6 అనుకున్నాను, కాండ్రూల్స్ అంచులు కలిసిపోయినట్టు కనిపించాయి. బ్యాక్‌స్కాటర్ ఎలక్ట్రాన్ బొమ్మలో చూస్తే ఆ మసక తుప్పు మరకదే, అంచులు కింద బాగానే ఉన్నాయి. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు రేణువులు 10 నుంచి 25 మైక్రాన్లు. 6 అయితే 50 దాటాలి. కాబట్టి 5.

లోహం మూడింట రెండు వంతులకు పైగా పోయింది, కాబట్టి సెక్షన్ చూసి వేసే శిథిలత దశ డబ్ల్యూ3. తుప్పువేట గారూ, ఒలివిన్ అంచులు చూశాను. తెల్లపొడి పక్కనున్న పగుళ్లలో మాత్రం రంపపు పళ్లలా తినేసి ఉన్నాయి, మిగతా చోట్ల నున్నగానే ఉన్నాయి. అందుకని సిలికేట్లు కూడా పాడయ్యే డబ్ల్యూ5 దాకా పోలేదు.

మా పెద్దాయనకి కోబాల్ట్ పట్టిక చూపించాను. ఐదు నిమిషాలు చూసి, తన చేత్తోనే కార్డు మీద ఎల్ఎల్ కొట్టేసి ఎల్5 అని రాశారు.

తుప్పువేట

రంపపు పళ్ల ఫొటో పెట్టండి, బతిమాలుతున్నాను.

నీలిమంచు

ఒక ప్రశ్న మిగిలింది. అదే మంచు మైదానంలో అదే సీజన్‌లో ఇంకేమైనా ఎల్5లు దొరికాయా? ఒకే రాయి ముక్కలేమో.

రాతిపలక

రెండున్నాయి. ఒకటి 300 మీటర్ల దూరంలో, ఇంకోటి 2 కిలోమీటర్లు. పక్కపక్కన దొరికాయి కాబట్టి జత అని రాసెయ్యొచ్చా?

నీలిమంచు

దూరం చూసి రాయొద్దు. 1969లో అంటార్కిటికాలోని యమాటో పర్వతాల దగ్గర జపాన్ బృందానికి 9 రాళ్లు దగ్గరదగ్గరగా దొరికాయి. ఒకే ఉల్క పగిలిందని ఎవరైనా అనుకునేవాళ్లే. పరీక్షిస్తే వాటిలో ఎన్‌స్టటైట్ కాండ్రైట్ ఉంది, కర్బనపు కాండ్రైట్ ఉంది, డయోజెనైట్ ఉంది. మంచు వేర్వేరు కాలాల్లో రాలినవాటిని మోసుకొచ్చి ఒక్కచోట పోస్తుంది. క్లోరిన్-36తో భూమి మీద ఎంతకాలం ఉన్నాయో కొలిస్తే, మూడింటికీ ఒకే వయసు వస్తే అప్పుడు మాట్లాడొచ్చు. ముందు ఆ రెండింటి షాక్ దశ చూడండి, ఒకటి ఎస్2 అయితే పని అక్కడితోనే తేలిపోతుంది.

రాతిపలక

300 మీటర్లది ఎస్4, డబ్ల్యూ2. రెండోదాని సెక్షన్ ఇంకా రాలేదు. వచ్చాక ఇక్కడే రాస్తాను. తుప్పువేట గారూ, ఫొటో రేపు పొద్దున, ఐదు చుక్కల కాండ్రూల్‌ది కూడా కలిపి పెడతాను.